కుర్చీ లేని షెడ్డు

మా ఊళ్ళో ఎవరికైనా మర్యాద చెయ్యాలంటే ముందు కుర్చీ వేస్తారు. పెళ్ళికెళ్ళినా, చావింటికెళ్ళినా, చర్చిలో కృతజ్ఞతా కూడికకెళ్ళినా, మనిషి స్థాయిని బట్టి ప్లాస్టిక్ కుర్చీయో, మెత్తలున్న కుర్చీయో, స్టేజీ మీద ఎర్ర సోఫాయో సిద్ధంగా ఉంటుంది. తిరువూరులో టెంట్‌హౌస్‌ వాళ్ళు బతికేదే దీని మీద. నాకు ఈ ఆచారంతో పేచీ ఏమీ ఉండేది కాదు, ఉద్యోగమని చెప్పి మా అమ్మాయికి ఒక కుర్చీ వేసేదాకా.

మా అమ్మాయికి ఇరవై దాటాయి. ఆటిజం ఉంది. ఈ మాట చెప్పగానే నాకు రెండు రకాల మనుషులు తగులుతారు. మొదటి రకానికి వెంటనే కళ్ళు తడుస్తాయి. "అయ్యో పాపం" అని నా చెయ్యి పట్టుకుంటారు, పట్టుకున్న చెయ్యి వదలరు. ఇంటికొచ్చి ప్రార్థన చేస్తామంటారు. మా బళ్ళో పక్క క్లాసు టీచరమ్మ అయితే నెమలి అనే ఊరు తీసుకెళ్ళి అక్కడి గుళ్ళో ఒక రాత్రి నిద్ర చేయించమంది, మేం క్రైస్తవులమని తెలిసి కూడా. ఆవిడ మనసు మంచిదే. నాకు మంచి మనసులంటేనే ఈ మధ్య భయం.

రెండో రకం సెల్‌ఫోన్లో వీడియోలు చూసినవాళ్ళు. "ఇలాంటి పిల్లలకి ఏదో ఒక గొప్ప టాలెంటు ఉంటుందంట గదండీ, మీ అమ్మాయికి ఏంటి?" అని అడుగుతారు, పెట్టెలో ఏముందో తీసి చూపించమన్నట్టు. మా అమ్మాయికి అలాంటిదేమీ లేదు. ఏ తేదీ ఏ వారమో చెప్పలేదు. బొమ్మలు గీయదు. పాట ఎత్తుకుంటే మేమే కిటికీలు మూస్తాం. ఆ మాట చెప్తే వాళ్ళ మొహాలు వాడిపోతాయి, టికెట్టు కొన్నాక ఆట లేదన్నట్టు. వాళ్ళ పిల్లల్లో గొప్ప టాలెంట్లు ఉన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు. వాళ్ళందరికీ మాత్రం ఉద్యోగాలు కావాలి.

మా అమ్మాయికి కావలసింది కూడా అదే. చదువు పదో తరగతితో ఆగింది. తెల్లారగానే స్నానం చేసి, జడ వేయించుకుని, టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది. నేను బడికి బయల్దేరితే నన్ను చూసేది. వాళ్ళ నాన్న డ్యూటీకి డిపోకి వెళ్తుంటే ఆయన్ని చూసేది. "అమ్మ పని. నాన్న పని. నా పని ఏది?" అనేది. రోజూ అదే మాట, అదే గొంతుతో. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆ బాక్సు అలాగే మూతతో ఉండేది. పనికి వెళ్ళినవాళ్ళే బాక్సు తినాలని తన లెక్క. గిన్నెలో పెడితే తినేది, బాక్సు మాత్రం తెరిచేది కాదు.

ఆ రోజుల్లో మా ఊరి పెద్ద బట్టల షాపు యజమాని కంట మేం పడ్డాం. ఆయన ఒక సేవా సంఘానికి అధ్యక్షుడు కూడా. తెల్ల చొక్కా, దాని జేబులో రెండు పెన్నులు. ఏదో సభలో "నాయకత్వమంటే అవకాశాలు సృష్టించడం" అని ఆయన మాట్లాడితే జనం చప్పట్లు కొట్టారట. ఇక ఆ అవకాశం సృష్టించబడటానికి ఒక మనిషి కావాలి కదా. మా అమ్మాయి దొరికింది.

చేరే రోజు షాపు ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన తలుపంత, సంఘ సభ్యులు కిటికీలంత, మా అమ్మాయి అగ్గిపెట్టంత. "దేవుని బిడ్డకు ఉపాధి" అని పైన రాశారు. మేమంతా దేవుడి బిడ్డలమే అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆయనతో సహా. డప్పులు పెట్టారు. టపాకాయలు పేల్చారు. పెద్ద చప్పుడంటే మా అమ్మాయికి ప్రాణం పోయినంత పని. ఆ సంగతి ముందే చెప్పాను. "ఒక్క రోజేగా మేడం, శుభకార్యం" అన్నారు. తను రెండు చేతులతో చెవులు మూసుకుని మెట్ల మీద నిలబడింది. ఫొటోగ్రాఫరు "చేతులు దించమ్మా, నవ్వమ్మా" అంటూ గోల. మెడ చుట్టూ శాలువా కప్పారు. ఆ జరీ గుచ్చుకుని తను దాన్ని లాగి కింద పారేస్తే, ఆయన నవ్వుతూ తీసి మళ్ళీ కప్పారు, ఫొటో సరిగా రాలేదని ఇంకోసారి కప్పారు. ఆ ఫొటోలో ఆయన ఎంత ప్రేమగా ఉన్నారో చూడాలి. ఎవరికైనా కడుపు నిండిపోతుంది.

లోపల ఏసీ కింద, క్యాష్ కౌంటరు పక్కన, మెత్త వేసిన కుర్చీ. అదీ ఉద్యోగం. వచ్చినవాళ్ళకి నమస్కారం చెప్తే చాలన్నారు.

మా అమ్మాయి నమస్కారం పెట్టింది. పెట్టి, "పని ఏది?" అంది.

"ఇదే పనమ్మా."

"ఇది నమస్కారం. పని ఏది?"

అందరూ నవ్వారు, ముద్దుగా మాట్లాడిందని. ఇరవై దాటిన మనిషి ముద్దుగా మాట్లాడటమేమిటో నాకు అర్థం కాలేదు. తను అడిగింది సరైన ప్రశ్న. అక్కడ ఉన్నవాళ్ళలో ఒక్కరైనా అడగాల్సిన ప్రశ్న.

బట్టల షాపులో పని లేకా? పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక్కో కుటుంబం వచ్చి చీరలన్నీ విప్పించి, కుప్ప పోయించి, ఏదీ నచ్చలేదని లేచి పోతారు. ఆ కుప్పలు మడతపెట్టలేక సేల్స్ పిల్లల నడుములు పడిపోతాయి. ఇంట్లో దుప్పట్లు మడతపెట్టేది మా అమ్మాయే. నిదానంగా చేస్తుంది, కానీ చేస్తుంది. ఒకరోజు తను కుర్చీలోంచి లేచి వెళ్ళి ఒక చీర అందుకుందట. ఒక సేల్స్ పిల్ల పరుగెత్తుకొచ్చి లాక్కుంది. "నీకెందుకమ్మా ఈ చాకిరి, కూర్చో. సార్ చూస్తే మమ్మల్ని తిడతారు." ఆ పిల్లని నేనేమీ అనను. నిజంగానే తిడతారు. దేవుని బిడ్డ చేత పని చేయించారని పదిమందీ అనుకుంటే సంఘం పరువేం కావాలి?

అలా కుర్చీలో కూర్చుని, కళ్ళెదుట పని కుప్పలు పడి ఉంటే, చెయ్యనివ్వకపోతే మనిషేమవుతుంది? తను ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. తర్వాత మణికట్టు కొరుక్కోవడం. రక్తం కనిపించాక నన్ను పిలిచారు. ఆయన కాఫీ తెప్పించి, గొంతు తగ్గించి, "మీ అమ్మాయికి ఇంట్రెస్టు ఉన్నట్టు లేదు మేడం. మన ప్రయత్నం మనం చేశాం. ఇలాంటి పిల్లలతో ఇంతే కదండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం పనిచ్చారని ఇంట్రెస్టు లేదంటున్నారండీ?" అన్నాను. ఆయన బాధగా తలూపారు, తల్లి కదా పాపం అన్నట్టు. కాఫీ తాగకుండా అమ్మాయిని తీసుకుని బయటికొచ్చాను. టపాకాయలు, డప్పులు లేకుండా ఉద్యోగం పోయింది. ఫ్లెక్సీ మాత్రం ఆ వానాకాలం దాకా ఉంది. తర్వాత మిరపకాయ బజ్జీల బండి మీద కప్పి కనిపించింది. అంత పనికొచ్చిన వస్తువు ఆ కార్యక్రమం మొత్తంలో అదొక్కటే.

ఆ తర్వాత తను గేటు దగ్గర నిలబడటం మానేసింది. బాక్సు సర్దమని అడగడమూ మానేసింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. "నా పని ఏది?" అని రోజూ అడుగుతుంటే విసిగిపోయేదాన్ని కానీ, అడగడం మానేశాక ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. ఇదిలా ఉండిపోతే ఏమిటని భయమేసింది. ఏడ్చాను కూడా, బడి స్టాఫ్ రూములో, అందరూ చూస్తుండగా.

మార్కెట్ యార్డు వెనక ఒకావిడ పచ్చళ్ళ షెడ్డు నడుపుతుంది. వినగడప వైపు రైతు కుటుంబం, పెళ్ళై ఇక్కడికొచ్చింది. ఎండాకాలం ఆవకాయ, మాగాయ; మిగతా రోజులు గోంగూర, పండుమిర్చి, కందిపొడి. షెడ్డులో పనివాళ్ళంతా ఆడవాళ్ళే, అందరూ ఆవిణ్ణి అక్కా అంటారు. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నేను గోంగూర పచ్చడి కొనడానికి వెళ్తే, డబ్బాకి మూత బిగిస్తూ అడిగింది.

"ఆ బట్టల షాపులో మీ అమ్మాయిని బొమ్మలాగా కూర్చోబెట్టారంటగా?"

అవునన్నాను.

"పనివ్వడం చేతగాక కుర్చీ ఇచ్చారు. మా షెడ్డుకి పంపండి టీచర్ గారూ. చేస్తే ఉంచుకుంటా. చెయ్యకపోతే చెయ్యలేదని చెప్తా. ఊరికే కూర్చోబెట్టాలంటే మాత్రం నా దగ్గర కుర్చీ లేదు."

ఆ మాటతీరుకి నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు తీసుకెళ్ళాను, ఈవిడ సంగతి కూడా చూద్దామని.

నిజంగానే షెడ్డులో కుర్చీ లేదు. అందరూ పీటల మీద కూర్చునే పని. అక్క మా అమ్మాయికొక పీట వేసి, ముందు కడిగి ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలు పెట్టింది. పచ్చడి సీసాలో నీటి చుక్క ఉంటే బూజు పడుతుంది. అందుకని ప్రతి సీసా లోపలా బయటా పొడిగుడ్డతో తుడవాలి. ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక సీసా తానే తుడిచి చూపించింది. రెండోది అమ్మాయి చేతికిచ్చింది. అప్పటికే నేను పక్కన చేరి, "అలా కాదమ్మా, ఇలా పట్టుకో" అంటున్నాను.

"టీచర్ గారూ, మీరు గేటు బయట," అంది అక్క. "ఇక్కడ అమ్మలుంటే పని సాగదు."

ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, నన్ను గేటు బయటికి పంపింది. వెళ్ళి వేపచెట్టు నీడన నిలబడి లోపలికి చూస్తూ ఉన్నాను.

తను ఒకే సీసాని తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిందే తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ తుడిచి. ఇక అయిపోయింది, ఇక్కణ్ణించి కూడా పంపించేస్తారు అనుకున్నాను. అక్క వచ్చి చూసింది. అయ్యో పాపం అనలేదు. రెండు ట్రేలు తెచ్చి, అమ్మాయికి ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి పెట్టింది. "ఎడమవైపువి తుడవాలి. తుడిచింది కుడివైపు పెట్టు. కుడివైపు పెట్టింది అయిపోయింది. మళ్ళీ ముట్టుకోవద్దు." అంతే. మా అమ్మాయి సీసాని కుడివైపు ట్రేలో పెట్టింది, దాన్నే కాసేపు చూసింది, చెయ్యి చాపబోయి ఆగింది. ఎడమవైపు నుంచి ఇంకొకటి తీసుకుంది. బయట నిలబడి నేను ఊపిరి వదిలాను.

ఆ మధ్యాహ్నం తను బాక్సు తెరిచి తిందని, అడుగున మెతుకు లేకుండా తిందని, ఇంటికొచ్చాక బాక్సు కడుగుతుంటే తెలిసింది. అదొక్కటి చాలు ఆ నోరు మంచిది కాని మనిషికి నేను దణ్ణం పెట్టడానికి.

అలాగని అంతా సాఫీగా జరగలేదు. తడి ఉన్న సీసాని కుడివైపు పెట్టిన రోజులున్నాయి. అలాంటప్పుడు అక్క దాన్ని తీసి ఎడమవైపు పెట్టి, "తప్పు. మళ్ళీ" అనేది. గొంతులో కోపం ఉండదు, తీపీ ఉండదు. మా అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి తన తప్పుని తప్పని చెప్పినవాళ్ళు లేరు. మేం "పర్లేదులే తల్లీ" అని దాన్ని మేమే సరిచేసేవాళ్ళం, బళ్ళో టీచర్లు జాలిపడి మార్కులు వేసేవాళ్ళు, షాపాయన శాలువా కప్పాడు. తప్పని చెప్పి మళ్ళీ చెయ్యమనాలంటే, సరిగ్గా చెయ్యగలదని నమ్మాలి. ఆ నమ్మకం ఊళ్ళో ఇంకెవరి దగ్గరా నాకు కనిపించలేదు.

షెడ్డులో ఆవాలు, మెంతులు పొడి కొట్టే మిల్లు ఉంది. దాని చప్పుడు సంగతి చెప్తే అక్క ఒక పద్ధతి పెట్టింది: స్విచ్చి వేసే ముందు మిల్లు దగ్గరుండే మనిషి వచ్చి "మిల్లు వేస్తున్నాం" అని చెప్పాలి, మా అమ్మాయి లేచి వెనక వరండాలోకి వెళ్ళి కూర్చున్నాకే వెయ్యాలి. సీసాల ట్రేలు కూడా వరండాలోకి పోతాయి, పని ఆగదు. మిల్లు దగ్గరుండే ఆవిడకి ఇది నచ్చలేదు. "ఎన్నాళ్ళిలా? అలవాటు కావాలిగా" అని ఒకరోజు చెప్పకుండానే స్విచ్చి వేసింది. మా అమ్మాయి చేతిలో సీసా వదిలేసి, అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురుగా పత్తి లోడు ట్రాక్టరు వస్తోంది, డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది.

కబురు తెలిసి నేను బడి నుంచి పరుగున వెళ్ళేసరికి అక్క మిల్లావిడని నిలబెట్టి కడిగేస్తోంది. "నీ మోకాళ్ళ నొప్పులకి నువ్వు నేల మీద కూర్చోలేనంటే నిలబడి చేసే పని ఇచ్చానా లేదా? అలవాటు చేసుకోమన్నానా నిన్ను?" ఆవిడ తల దించుకుంది. నేను మా అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళిపోదామనుకున్నాను, ఇక చాలు అనుకున్నాను. అక్క నా వైపు తిరగనే లేదు. అమ్మాయికి వణుకు తగ్గేదాకా వరండాలో దగ్గరే కూర్చుని, తర్వాత చీపురు, చేట చేతికిచ్చింది. "పగిలింది నీ సీసా. చెప్పులేసుకుని ఎత్తు." నాకు ప్రాణం చివుక్కుమంది. మా అమ్మాయి చెప్పులేసుకుని, గాజు పెంకులన్నీ ఎత్తి, చెత్తడబ్బాలో పోసి, వచ్చి పీట మీద కూర్చుంది. ఎడమవైపు ట్రేలోంచి సీసా తీసుకుంది.

ఈ సంగతంతా ఎలా తెలిసిందో షాపాయనకి తెలిసింది. అక్కకి 'ఆదర్శ మహిళా నాయకురాలు' అని సన్మానం చేస్తామంటూ సంఘాన్ని వెంటేసుకుని శాలువాతో సహా వచ్చారు. మా అమ్మాయి ఆయన్ని చూడగానే పీట తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది, మిల్లు వెయ్యకపోయినా. అక్క నూనె చేతులతోనే గుమ్మం దగ్గర నిలబడి, "ఆ శాలువా నాకెందుకండీ, నూనె అంటుకుంటే పాడవుద్ది. మీ షాపులో చీరలు మడతెయ్యడానికి మనుషులు చాలట్లేదంటగా? ఇలాంటి పిల్లలు ఊళ్ళో ఇంకా ఉన్నారు. పిలిచి ఆ పనివ్వండి" అంది. తప్పకుండా ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. మధ్యలో ఆయనకి ఇంకెవరో సన్మానం చేశారు, దేనికో తెలియదు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో, ఆవకాయ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు, అమ్మాయిని దింపడానికి వెళ్ళాను. అక్క మామిడికాయల బేరానికి తోటకి వెళ్ళింది. గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి గంపలగూడెం వైపు నుంచి వచ్చిన ఒకావిడ, ఆవిడ కొడుకు దిగారు. కుర్రాడు పొడగరి, చూపు నేల మీద, వేళ్ళు గాల్లో ఆడుతున్నాయి. అతనికీ ఇక్కడ పనిస్తానని అక్క కబురు పంపిందట. ఆవిడ ఆటోలోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి దించుకుని, చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. "మావాడు కింద కూర్చోలేడండి, అలవాటు లేదు" అంది నాతో. సీసాల పక్కన, ఫ్యాను గాలి తగిలే చోట ఆ కుర్చీ వేసి, కొడుకుని కూర్చోబెట్టి, తువ్వాలుతో మొహం తుడిచింది. "నువ్వు చూస్తూ ఉండు నాన్నా, పని తర్వాత చేద్దువు."

పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. మంచి మనసుతో వచ్చిన తల్లిని ఎవరేమంటారు?

మా అమ్మాయి పీట మీంచి లేచింది. కుర్రాడి ముందు నిలబడి, "లే" అంది. అతను లేచాడు. తను కుర్చీ ఎత్తి పట్టుకుని, షెడ్డు దాటి, గేటు దాటి, వేపచెట్టు కింద పెట్టి వచ్చింది.

"ఏంటమ్మాయ్, అలా లాగేశావ్!" అని ఆవిడ గట్టిగా అరిచింది. అరుపుకి మా అమ్మాయి ఒక చేత్తో చెవి మూసుకుంది. రెండో చేత్తో పీట లాగి అతని ముందు వేసింది. అతను కాసేపు దాన్ని చూసి, మెల్లగా, మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. తల్లి నోరెళ్ళబెట్టింది. మా అమ్మాయి ఒక సీసా తుడిచి చూపించి, ఇంకొకటి అతని చేతిలో పెట్టింది.

"పని ఇది," అంది. "తుడిచింది కుడివైపు. కుడివైపు పెట్టింది అయిపోయింది."

అతను పైపైన తుడిచి పెట్టాడు. తను తీసి వెలుతురులో చూసి, ఎడమవైపు పెట్టింది.

"తప్పు. మళ్ళీ."

ఆ గొంతులో కోపం లేదు, తీపీ లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్రాడి తల్లి నా వైపు చూసింది, మీ అమ్మాయికి కాస్త చెప్పండి అన్నట్టు. నేను నోరు తెరవబోయేలోగా మా అమ్మాయి మా ఇద్దరి వైపూ తిరిగి గేటు చూపించింది.

"అమ్మలు బయట."

ఇద్దరం బయటికొచ్చాం. వేపచెట్టు కింద కుర్చీ ఒకటే ఉంది. ఆవిణ్ణి కూర్చోమన్నాను.